దుష్మన్ కుర్సీ

మొన్న మా డిగ్రీ కాలేజీ స్టాఫ్‌రూంలో ఎవరో హీటరు మీద పాలు పెట్టి మరిచిపోయారు. మాడిన పాల వాసన వరండా దాకా పాకింది. అటెండరు పరుగెత్తాడు. కెమిస్ట్రీ ఆయన కిటికీలు తెరిచాడు. కామర్స్ ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టి, వెనక్కి వాలి, ఆ వాసనను హాయిగా పీల్చుకున్నాను. నా ఆరోగ్యం గురించి ఇద్దరు ముగ్గురికి అనుమానం వచ్చినట్టుంది. వాళ్లకేం తెలుసు? ఆ వాసన వచ్చిందంటే దగ్గర్లోనే మా గురువు తస్నీం మేడం ఏదో లెక్కలో మునిగి ఉన్నట్టు, ఎక్కడ తప్పున్నా అది సాయంత్రంలోగా బయటపడుతుంది గనుక ఇక మనం భయపడాల్సిన పని లేనట్టు. నా ముక్కు ఇప్పటికీ అలాగే అర్థం చేసుకుంటుంది.

ఇలాంటివి ఎక్కువగా పోయినవాళ్ల మీద రాస్తారు కాబట్టి ముందే చెప్పడం మంచిది. మేడం నిక్షేపంగా ఉన్నారు. రిటైరై మహబూబ్‌నగర్‌లో చెల్లెలి ఇంటి పక్కనే ఉంటున్నారు. ఇప్పటికీ గిన్నెలు మాడుస్తున్నారని ఆ చెల్లెలు ఫోన్లో ఫిర్యాదు చేసింది. నేను నివాళి రాయడం లేదు. ఆమె చదివి తప్పులు పట్టే అవకాశం పూర్తిగా ఉందని తెలిసే రాస్తున్నాను.

నల్గొండ ఊరి బయట గుట్టల పక్కనున్న మా విశ్వవిద్యాలయంలో ఆమె భౌతికశాస్త్రం చెప్పేవారు. గడియారాలు బాగుచేసే ఆయన పెద్దబిడ్డ. సన్నటి గొంతు, పెద్ద కళ్లద్దాలు, చప్పుడు కాని నడక. ఆమె వచ్చిన సంగతి వెళ్లిపోయాక తెలిసేది. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను ఆమె దగ్గర పీహెచ్‌డీకి చేరాను. జ్ఞానతృష్ణ అని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, అప్పట్లో ఉద్యోగాల నోటిఫికేషన్ ఇవాళ రేపు అంటున్నారు. ఆ ఇవాళకూ రేపటికీ మధ్యనున్న ఖాళీలో చదువుకుందామనుకున్నాను. ఖాళీ నేను అనుకున్నదానికన్నా విశాలంగా ఉండింది.

ఇంటర్వ్యూ రోజు బల్లకు అవతల నలుగురైదుగురు పెద్దమనుషులున్నారు. మేడం చివర కూర్చున్నారు. అందరూ మా నేతపని గురించి, మేం బాపు అని పిలిచే నాన్న మగ్గం గురించి మర్యాదగా అడిగారు. మేడం మాత్రం నేరుగా పనిలోకి దిగారు.

"పేరేంది?"

"నర్సింహ, మేడం."

"గుట్ట నర్సింహనా?"

"అవును మేడం. యాదగిరిగుట్ట మొక్కు. మా క్లాసుల బెంచీకొక నర్సింహ ఉంటుండె."

"సరే. స్కేలార్ అంటె ఏంది?"

"దిక్కు లేనిది, మేడం."

పెద్దమనుషులు నవ్వారు. ఆమె నవ్వలేదు. "కరెక్టే. ఉష్ణోగ్రత లెక్క. అంకె ఉంటది, దిక్కుండది. మరి గసొంటి కణాలు లోకంల ఎన్ని ఉన్నయి?"

"ఇప్పటికైతె ఒక్కటే దొరికింది మేడం."

"మిగిలినయి ఉన్నయా, లేవా? గదే మన పని. సోమవారం రా."

ఆ పని ఏమిటో, పరిచయం లేనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. యూరప్‌లో భూమి లోపల కొలైడర్ అనే పెద్ద యంత్రం ఉంది. అందులో ప్రోటాన్లను ఎదురెదురుగా పంపి గుద్దిస్తారు. మా నల్గొండ చౌరస్తాలో ఆటోలు చేసే పనే. తేడా ఏమిటంటే, అక్కడ గుద్దుకున్నాక ఏమేం రాలాయో రాసి పెట్టుకుంటారు. అలా రాలినవాటిలో హిగ్స్ అనే కణం దొరికింది. అది స్కేలార్. దానికి తోబుట్టువులు ఉండవచ్చని చాలామందికి అనుమానం. ఉన్నాయనుకుని కాగితం మీద కట్టే ఇంటిని మోడల్ అంటాం. మేడం వయసులో ఉన్నప్పుడు అలాంటి మోడల్ ఒకటి కట్టారు. అందులో హిగ్స్‌కు బరువైన అన్న ఒకడు, ఇంకో తమ్ముడు, విద్యుదావేశం ఉన్న కవలలు. ముచ్చటైన కుటుంబం. ఆ మోడల్ పేరెత్తితే దేశంలో ఈ పని చేసేవాళ్లందరికీ ఆమె గుర్తొచ్చేవారు. అందరూ అంటే ఒక ఆర్టీసీ బస్సుకు సరిపోతారు, ఎవరూ నిలబడాల్సిన అవసరం కూడా రాదు. అయినా అది గౌరవమే.

మోడల్‌లో కొన్ని అంకెలు మనం ఎంచుకోవచ్చు. ఈ తోబుట్టువుల బరువులెంత, ఒకదానితో ఒకటి ఎంత గట్టిగా పెనవేసుకుంటాయి, ఇలాంటివి. ఎంచుకున్న అంకెలు రెండు రకాల పరీక్షలు నెగ్గాలి. ముందు సిద్ధాంతం పెట్టేవి: ఆ అంకెలతో విశ్వం నిలబడుతుందా, ఏ సంఘటనకైనా సంభావ్యత నూటికి నూరు దాటుతుందా, అని. తర్వాత కొలైడర్ పెట్టేవి: ఆ అంకెలే నిజమైతే తోబుట్టువులు ఈపాటికి కనబడి ఉండాలి కదా, అని. అన్నీ నెగ్గిన చోట గ్రాఫు మీద పచ్చరంగు వేస్తాం. మేడం మోడల్‌లో మిగిలిన ఆ పచ్చ జాగాయే నా థీసిస్. పేరు కూడా అదే పెట్టి ఆఫీసులో రిజిస్టరు చేయించాం. జాగా ఉంటే థీసిస్ ఉన్నట్టు. లేకపోతే ఏమిటన్నది నేను ఆలోచించేవాణ్ని కాదు. మగ్గం మీద బాపు, ఊళ్లో అడిగినవాళ్లందరికీ "మావోడు డాక్టరు అయితాండు, దవాఖాన డాక్టరు గాదు" అని అప్పటికే చెప్పేశాడు.

మేడం గదిలో శనివారం మధ్యాహ్నాలు ఒక ఆచారం నడిచేది. ఆమె దగ్గర నాతోపాటు సుజాత అనే అమ్మాయి కూడా పరిశోధన చేసేది. నాకంటే ఏడాది సీనియర్, నాకంటే నాలుగింతల బుద్ధిమంతురాలు. మొదటి శనివారం నేను వెళ్లేసరికి గోడ పక్కన, కాలు విరిగి తాడుతో కట్టిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి విడిగా వేసి ఉంది.

"సుజాత మోడల్‌కు వకీలు," అన్నారు మేడం. "నర్సింహ, నువ్వు గా కుర్సీల కూసో."

"గదేం కుర్సీ మేడం?"

"దుష్మన్ కుర్సీ. అండ్ల కూసున్నోడు మోడల్‌ను చంపాలె. పొగిడిండో, చాయ్ లేదు."

"మోడల్ మీది గద మేడం!"

"గందుకే. నాది గాబట్టి నాకు చేతులు రావు."

"మరి నేనే ఎందుకు?"

"నీకు దేని మీద గౌరవం లేదని ఇంటర్వ్యూలనే సమజైంది. బయట గది రోగం. ఈ గదిల ఉద్యోగం."

నా స్వభావానికి దొరికిన మొట్టమొదటి సర్టిఫికెట్ అది. అప్పటిదాకా నా వెటకారానికి అందరూ నన్ను తరగతి బయట నిలబెట్టారు. కుర్చీ వేసి కూర్చోబెట్టింది ఆమె ఒక్కరే. సుజాత ప్రతి వారం మోడల్ తరఫున శ్రద్ధగా వాదించేది. నేను తాడు కట్టిన కుర్చీలో ఒరిగిపోకుండా జాగ్రత్తగా కూర్చుని, ఆ కుటుంబాన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టే మార్గాలు చెప్పేవాణ్ని. మేడం ఎటూ మాట్లాడకుండా వినేవారు. ఈలోగా ఆమె చాయ్ కోసం హీటరు మీద పెట్టి మరిచిన పాలు మాడేవి.

నాగార్జునసాగర్ నిండిన ఒక ఏడాది డిపార్టుమెంటు వాళ్లమంతా నందికొండకు పోయాం. మిగతావాళ్లు ఫొటోలు దిగుతుంటే నేను వేయించిన చేప ముక్కల పొట్లం పట్టుకుని మేడం పక్కన నిలబడ్డాను. ఎదురుగా కనుచూపు మేర నీళ్లు, అల కూడా లేదు.

"గీ నీళ్లు నిలకడగ ఉన్నయా?" అని అడిగారు.

"ఉన్నయి మేడం."

"నీళ్లను అడిగినా గదే చెప్తయి. ఇటు తిరిగి చూడు."

తిరిగి చూశాను. ఆనకట్టకు అవతల, ఎంతో లోతున, రాళ్ల మధ్య కృష్ణ సన్నగా పోతోంది.

"గంత కింద ఇంక జాగా ఉంది. గోడ ఉన్నదాంక గీ నీళ్లు గీడనే అడుగు అనుకుంటయి. నీ అంకెలు పెట్టినంక మన లోకం అసలు అడుగున ఉందా, గోడ ఎనక ఆగి ఉందా? ముందు గది చూడు. గది చూడకుంట కొలైడర్ దాంక పోకు."

"మేడం, చేప చల్లారుతాంది."

"లోకం కూలుతదని చెప్తుంటె చేప అంటడు!" అని, పొట్లంలో పెద్ద ముక్క ఆమే తీసుకున్నారు. ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా, ఆ సంగతి నాకు అంత నూనె వాసనతో, అంత స్పష్టంగా ఎక్కడా దొరకలేదు.

ఏటేటా కొలైడర్ నుంచి కొత్త ఫలితాలు వచ్చేవి. తోబుట్టువులు కనబడలేదని ప్రతిసారీ ఇంకొంచెం గట్టిగా చెప్పేవి. వచ్చినప్పుడల్లా మా పచ్చ జాగా ఒక పక్క నుంచి తగ్గేది. హైదరాబాద్ రోడ్డు పక్కన పొలాలు వెంచర్లు అయిపోవడం కిటికీలోంచి చూస్తూ ఊరికి వెళ్లేవాణ్ని. తిరిగొచ్చి గ్రాఫు చూస్తే అక్కడా అదే పని జరుగుతుండేది. అయినా ఏదో ఒక మూల కొంచెం పచ్చదనం మిగిలేది. సమావేశాల్లో ఎవరైనా అడిగితే మేడం "ఇంకా ఉండవచ్చు" అని చెప్పేవారు. ఆ మాట చెప్పేటప్పుడు కళ్లద్దాలు తీసి తుడుచుకునేవారు. అది నేను గమనించాను గానీ, ధూళి అనుకున్నాను. నల్గొండలో ధూళికి కొదువ లేదు.

థీసిస్ దాదాపు రాయడం అయిపోయి, బైండింగు వాడి దగ్గర అట్ట రంగు కూడా ఎంచుకున్న రోజుల్లో మరో ఫలితం వచ్చింది. దాన్ని ప్రోగ్రాములో పెట్టి నడిపాను. గ్రాఫు వచ్చింది. తెల్లగా ఉంది. ప్రింటరులో రంగు అయిపోయిందేమోనని, సిగ్గు విడిచి చెప్తున్నాను, ముందు అదే చూశాను. రంగు ఉంది. పచ్చ జాగానే లేదు.

తర్వాతి కొద్ది రోజులు నేను జోకులు వేయలేదు. సుజాత అప్పటికే థీసిస్ ఇచ్చేసి ఖమ్మంలో ఉద్యోగంలో చేరింది. చెప్పుకునేందుకు మనిషి లేదు. మేడంకు చెప్పడానికి నోరు రాలేదు. అది ఆమె పేరు మీదున్న మోడల్. చంపే ఉద్యోగం నాదే, కానీ నిజంగా చచ్చాక ఏం చేయాలో ఆ ఉద్యోగంలో చెప్పలేదు. ప్రోగ్రాము మొదటి వరస నుంచి చివరి వరస దాకా దువ్వెన పెట్టి దువ్వినట్టు వెతికాను. చివరికి దొరికింది. ఒక చోట సగం లేదు.

ఆ సగం సంగతి ఇది. ఈ కణాలు ఒకదానితో ఒకటి పెనవేసుకునే బలాన్ని రాసేటప్పుడు కొందరు ముందర ఒకటి బై రెండు పెడతారు, కొందరు పెట్టరు. రెండూ ఒప్పే, ఎవరి ఆచారం వారిది. ఒకరి ఆచారంలో రాసిన హద్దును ఇంకొకరి ఆచారంలో రాసిన సమీకరణానికి తగిలిస్తే మాత్రం అంతా రెండింతలు తప్పుతుంది. సంభావ్యత నూరు దాటకూడదనే పరీక్ష దగ్గర నా ప్రోగ్రాములో ఆ సగం కనబడలేదు. పెట్టి నడిపాను. గ్రాఫు మూలన గోరంత పచ్చ జాగా మళ్లీ మొలిచింది.

నేను క్లాక్ టవర్ దాకా పోయి బాదుషాలు తెచ్చాను. మేడం గదిలోకి వెళ్లి పొట్లం ఒక చేత, గ్రాఫు ఒక చేత పట్టుకుని జరిగిందంతా ఒక్క బిగిన చెప్పాను. పచ్చ జాగా పోవడం, సగం దొరకడం, మళ్లీ రావడం. ఆమె గ్రాఫును చాలాసేపు చూశారు. పొట్లం వైపు చూడలేదు.

"మిఠాయి తర్వాత. ఒక్క మాట చెప్పు. మొన్న గ్రాఫు పచ్చగ వచ్చుంటె, నువ్వు గీ సగం కోసం ఎతుకుతుంటివా?"

"ఎతకకపోదును, మేడం."

"ఇయ్యాల పచ్చగ వచ్చింది. ఇంక ఎతుకుతున్నవా?"

"లేదు, మేడం. మిఠాయి తెచ్చిన."

"అదీ సంగతి. నచ్చని జవాబొస్తె ప్రోగ్రాం అంత తిరగేస్తం. నచ్చింది రాంగనే ఆపుతం. ఆగిన కాడ్నే ఇంకో తప్పుంటె?"

"మేడం, మీ మోడల్ బతికింది గద..."

"నువ్వు ఇప్పుడు దానికి దోస్తువైనవ్ నర్సింహ. దుష్మన్ జాగా ఖాళీ అయింది." అని లేచి, గోడ పక్కనున్న తాడు కుర్చీని ముందుకు లాగి, అందులో ఆమె కూర్చున్నారు.

ఆ కుర్చీలో ఆమెను చూడటం అదే మొదటిసారి. అది కొంచెం ఒరిగింది. ఆమె కాలు ఆనించి నిలబెట్టుకున్నారు.

తర్వాత ఇద్దరం సెమినార్ హాలుకు పోయాం. నల్లబల్ల మధ్యలో నిలువుగా గీత గీసి, "నా దిక్కు చూడకు" అన్నారు, పరీక్ష హాల్లో లాగా. ప్రోగ్రాము లేదు, పుస్తకం లేదు. మొదటి సమీకరణం నుంచి, మా ఆచారంలోనే, ఆ హద్దును ఎవరికి వారు చేత్తో కట్టుకుంటూ రావాలి. ఆమె చిన్న అక్షరాలతో ఆగకుండా రాస్తున్నారు. నేను రాసి చెరిపి, చెరిపి రాస్తున్నాను. మధ్యాహ్నం దాటింది. ఆమె గదిలోంచి పాలు మాడిన వాసన వచ్చింది. ఇద్దరిలో ఎవరం కదలలేదు.

నేను ముగించి తిరిగేసరికి ఆమె సుద్దముక్క కింద పెట్టి ఉన్నారు. గీతకు రెండు పక్కలా చివరి వరస ఒకటే. అందులో సగం ఉంది, ఒక్కసారి. తర్వాత ప్రోగ్రాము ముందు పెట్టుకుని వరస వరసా చదివాం. ఆ సగం మొదట్లోనే, అంకెలు లోపలికి తీసుకునే చోటే పెట్టి ఉంది. అది గమనించకుండా నేను రెండోసారి పెట్టాను. తీసేసి నడిపాం. తెల్లగా వచ్చింది.

నేను ఆమె ముఖం వైపు చూడలేక నల్లబల్ల తుడవడం మొదలుపెట్టాను. వెనక నుంచి, ఎండలో చాలా దూరం నడిచొచ్చిన మనిషి నీడన కూర్చున్నప్పుడు వచ్చేలాంటి శ్వాస ఒకటి వినబడింది.

"హమ్మయ్య," అన్నారు మేడం.

తిరిగి చూశాను. ఆమె కళ్లద్దాలు తీశారు, కానీ తుడుచుకోలేదు. ఊరికే చేతిలో పట్టుకున్నారు.

"బాధ కాలేదా మేడం?"

"ఎందుకు గాదు? నా బిడ్డ లెక్క. కని నర్సింహ, ఇన్నేండ్ల సంది ఎవలడిగినా 'ఇంక ఉండొచ్చు' అనుకుంట వచ్చిన. గా మాట మొయ్యాలంటె ఎంత బరువుంటదో నీకెరికలేదు. కొత్త ఫలితం వస్తుందంటె నాకు నిద్ర పట్టకపోతుండె. ఇగ ఫికర్ లేదు. గీ రూపంల అది లేదు. నేనే చూసిన, నా చేత్తోని."

నేను ధైర్యం తెచ్చుకుని అసలు భయం బయటపెట్టాను. "మరి నా థీసిస్, మేడం?"

"దానికేమైంది?"

"మిగిలిన జాగా అని పేరు పెట్టినం. జాగానే లేదు."

"లేదని ఎవలు చెప్పిండ్రు?"

"మనమే."

"గింత పక్కాగ ఇంకెవలన్న చెప్పిండ్రా?"

"నాకు తెలిసి లేదు, మేడం."

"గదే థీసిస్. పేరు మార్చుడు నా పని. ఇప్పుడు తియ్యి మిఠాయి."

ఆ బాదుషాలు అప్పటికి కొంచెం గట్టిపడ్డాయి. ఇద్దరం హాల్లో బెంచీ మీద కూర్చుని మొత్తం తినేశాం. నాలుగేళ్లుగా గుండె మీద ఏదో కూర్చుని ఉందని, అది లేచి వెళ్లాకనే నాకు తెలిసింది.

థీసిస్ పేరు మార్చడానికి ఆఫీసు వాళ్లను ఒప్పించడం మోడల్‌ను చంపడం కన్నా కష్టమైంది. అది వేరే కథ, దానికి హీరో ఎవరూ లేరు. వైవాకు బయటి నుంచి వచ్చిన పెద్దాయన గ్రాఫు చూసి, ఇంత తెల్లగా ఉంటే ఎలా నమ్మాలని అడిగాడు. దీన్ని బతికించాలని అందరికన్నా ఎక్కువ కోరిక ఉన్న ఇద్దరమే చేతులారా చూశామండీ, అన్నాను. ఆయన మేడం వైపు చూశాడు. ఆమె తలూపారు. తర్వాత ప్రశ్నలు పెద్దగా రాలేదు. మరికొంత కాలానికి, మాతో సంబంధం లేనివాళ్లు వేరే దారిలో లెక్క కట్టి అదే మాట చెప్పారు. ఆ పత్రం వచ్చిన రోజు మేడం నాకు ఫోన్ చేసి, "నేను నిన్న రాత్రి సుత సుఖంగనే పండుకున్న" అని మాత్రం చెప్పి పెట్టేశారు.

వైవా రోజు బాపు తెల్లచొక్కా వేసుకుని వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. బస్టాండుకు నడుస్తుంటే అడిగాడు.

"గా కణాలు దొరికినయారా?"

"లేదు బాపు."

"మరి దేనికిచ్చిండ్రు డాక్టరు?"

"లేవని చెప్పినందుకు."

"గా మాట మొదాలు నన్ను అడిగితె నేనే చెప్పకపోదునా?"

"నువ్వు చెప్తె నమ్మరు బాపు. మేడం చెప్తె నమ్మిండ్రు. ఉండాలని అందరికంటె ఎక్కువ కోరుకున్నది ఆమెనే గద."

బాపు ఆగాడు. "ఆమె కడుపు సల్లగుండ," అని, మళ్లీ నడక సాగించాడు.

నేను కొత్త కణమేదీ కనిపెట్టలేదు, ఇకముందు కనిపెట్టే సూచనలూ లేవు. డిగ్రీ పిల్లలకు లెక్కలు చేయించుకుంటూ బతుకుతున్నాను. అందరి మాస్టార్లూ తప్పు వచ్చినవాళ్ల దగ్గర ఆగుతారు. నేను ఒప్పు వచ్చినవాళ్ల దగ్గర కూడా ఆగుతాను. ఇందుకు పిల్లలు నాకో పేరు పెట్టారని విన్నాను. అది మర్యాదైన పేరు కాదట.

నిన్న రెండో సంవత్సరం అమ్మాయి ఒకతి అందరికన్నా ముందు చెయ్యెత్తింది. పుస్తకం వెనక ఇచ్చిన జవాబే వచ్చింది. తోటివాళ్లు చప్పట్లు కూడా కొట్టారు. నేను ఆమె బెంచీ దగ్గరికి పోయి, "ఎట్లొచ్చింది?" అని అడిగాను.

"సార్, కరెక్టే వచ్చింది గద!" అంది, నొచ్చుకుంటూ.

"కరెక్టు వచ్చింది గాబట్టే అడుగుతున్ననమ్మా," అన్నాను. ఆమె నన్ను ఒకసారి గుర్రుగా చూసి, కాగితం ముందుకు లాక్కుని, మొదటి వరస మీద వేలు పెట్టింది.